నాయరు స్త్రీ వేషం కట్టిన పులయ స్త్రీ: పి.కె. రోజీ

1991లో చుండూరులో ఏం జరిగిందో ఈ పత్రిక పాఠకులకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని వేటాడి చంపారు, శవాల్ని కాలవలో పడేశారు. కానీ ఆ గొడవకు అంటుకున్న నిప్పురవ్వ ఎక్కడిదో ఒకసారి గుర్తు చేసుకోవాలి. అది సినిమా హాల్లోది. చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు వరసలో కూచున్న అగ్రకుల యువకుడికి తగిలింది. ఇద్దరూ డబ్బులిచ్చి టికెట్ కొనుక్కున్నవాళ్లే. గుడికి కులం ఉంది, బావికి కులం ఉంది, హోటల్లో గ్లాసుకు కులం ఉంది, సినిమా హాలుకు మాత్రం లేదని మనలో చాలామంది నమ్మాం. చీకట్లో అందరూ ప్రేక్షకులేనని అనుకున్నాం. ఆ చీకట్లో కూడా ఎవరి కాలు ఎవరికి తగిలిందో లెక్క ఉంటుందని చుండూరు చెప్పింది.

హాల్లో కూచున్న దళితుడి కాలినే ఓర్చుకోలేని సమాజం, తెరమీద దళిత స్త్రీ ముఖాన్ని ఓర్చుకుంటుందా? ఈ ప్రశ్నకు చుండూరుకు అరవై ఏళ్ల ముందే తిరువనంతపురంలో జవాబు దొరికింది. అక్కడి క్యాపిటల్ థియేటర్లో మలయాళుల మొట్టమొదటి కథాచిత్రం 'విగతకుమారన్' ఆడిన రోజు తెరమీద రాళ్లు పడ్డాయి. అందులో నాయికగా వేసిన మనిషి పేరు పి.కె. రోజీ. ఆమె పులయ స్త్రీ. పులయలంటే మన మాల మాదిగల్లాగే పొలాన్ని పండించి, పొలం గట్టుమీద మాత్రం నిలబడే హక్కులేకుండా బతికినవాళ్లు. అయ్యంకాళి పుట్టిన కులం.

సినిమా విడుదలైన తేదీ విషయంలో తగాదా ఉంది. 1928 నవంబర్ 7 అని చాలాకాలం అందరూ రాశారు. తర్వాత ఆనాటి పత్రికల్ని తిరగేసినవాళ్లు 1930 అక్టోబర్ 23 అని తేల్చారు. మన చర్చకు రెంటిలో ఏదైనా ఒకటే. ఎందుకంటే రెండు తేదీలూ 1936 నవంబర్ నాటి ఆలయ ప్రవేశ ప్రకటనకు ముందువే. అంటే రోజీ తెరమీద కనిపించేనాటికి తిరువాన్కూరు సంస్థానంలో ఆమె గుడిలో కాలు పెట్టడానికి లేదు. వైక్కం గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం జరిగిన సత్యాగ్రహం, 1924-25 నాటిది, అందరి నోళ్లలోనూ పచ్చిగానే ఉంది.

రోజీ కథ ఇప్పుడు చాలామందికి తెలుసు. 2023 ఫిబ్రవరి 10న, ఆమె 120వ పుట్టినరోజని గూగుల్ కంపెనీ ఆమె బొమ్మ వేశాక ఇంకా ఎక్కువమందికి తెలిసింది. అయితే ఆ కథను ఎలా చెబుతున్నారు? "పాపం, ఒక పేద అమ్మాయి సినిమాలో వేసింది, ఆనాటి సమాజం సహించలేదు, రాళ్లు వేశారు, గుడిసె తగలబెట్టారు, పారిపోయింది." ఇంతే. ఈ చెప్పడంలో ప్రతి మాటా నిజమే. కానీ మొత్తం కలిపితే నిజం కాదు. 'ఆనాటి సమాజం' అన్న మాట దగ్గరే అసలు సంగతి దాక్కుంటోంది.

ముందు ఆమె ఎవరో చూద్దాం. 1903లో తిరువనంతపురం దగ్గర నందన్‌కోడులో పుట్టింది. పెట్టిన పేరు రాజమ్మ. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఇల్లు గడవడానికి గడ్డి కోసుకుని అమ్మేది. కుటుంబం క్రైస్తవంలోకి మారాక రాజమ్మ కాస్తా రోజమ్మ అయ్యింది. సినిమాలోకి వచ్చాక రోజీ అయ్యింది. మన పేటల్లో ఇంట్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఒక పేరు ఉన్నవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

గడ్డి కోసే పిల్ల అని అందరూ రాస్తారు. అంతకంటే ముఖ్యమైనది వెనకబడిపోతుంది. ఆమె కళాకారిణి. దక్షిణ కేరళలో కాక్కారిశ్శి నాటకం అని ఒకటుంది. శివపార్వతులు కాక్కాలన్, కాక్కాత్తిగా, అంటే ఊళ్లు తిరిగి సోది చెప్పుకునే సంచార జాతి మొగుడూపెళ్లాలుగా వేషాలు మార్చుకుని జనంలోకి వస్తారు. తంపురాన్ అనే ప్రభువుతో వాదనకు దిగుతారు. తమిళం, మలయాళం కలిసిపోయిన పాటలు, ఎగతాళి, చిందులు, అప్పటికప్పుడు అల్లే మాటలు. కింది కులాలవాళ్లు ఆడుకున్న నాటకం అది. మన తెలంగాణలో చిందు ఎల్లమ్మ ఆటను చూసినవాళ్లు ఈ వరస పట్టుకోగలరు. రాత్రంతా దీపాల వెలుగులో జనాన్ని కూచోబెట్టాలంటే గొంతూ కావాలి, ఒళ్లూ కదలాలి, ఎదురు ప్రశ్నకు అక్కడికక్కడే జవాబూ తన్నుకు రావాలి. ఆడవాళ్ల వేషాలు సైతం మగవాళ్లే వేసే ఆ నాటకంలో రోజీ తానే వేషం కట్టింది. కెమెరా ముందుకు వచ్చేనాటికి ఆమె జనం ముందు నిలబడి రాటుదేలిన మనిషి. సినిమా ఆమెకు నటన నేర్పలేదు. ఆమె నటన తెచ్చి సినిమాకిచ్చింది.

ఆ సినిమా తీసినవాడు జె.సి. డానియల్. నాడార్ కులంలో పుట్టిన క్రైస్తవుడు, వృత్తికి పళ్ల డాక్టరు. తన వాటా భూమి అమ్మి, తిరువనంతపురంలో ట్రావన్కోర్ నేషనల్ పిక్చర్స్ అనే స్టూడియో పెట్టాడు. కథ, దర్శకత్వం, కెమెరా, కథానాయకుడి వేషం అన్నీ ఆయనే. దేశమంతా పురాణాలు తీస్తున్న కాలంలో ఆయన సాంఘికం ఎత్తుకున్నాడు. డబ్బున్న ఇంట్లో పుట్టిన పిల్లవాణ్ణి దుర్మార్గుడొకడు ఎత్తుకెళ్లి సింహళంలో పడేస్తాడు. కథానాయకుడు జయచంద్రన్ కథలోకి వస్తాడు, ఆ పిల్లవాడి చెల్లెలు సరోజినిని ప్రేమిస్తాడు, చివరికి తప్పిపోయినవాడు దొరుకుతాడు. మామూలు కథే. సరోజిని నాయరు ఇంటి ఆడపిల్ల. ఆ వేషానికి మొదట బొంబాయి నుంచి లానా అనే ఆంగ్లో ఇండియన్ నటిని పిలిపించారు. ఆవిడకు కావలసిన సౌకర్యాలు డానియల్ అమర్చలేకపోయాడు, ఆవిడ తిరిగెళ్లిపోయింది. అప్పుడు రోజీ వచ్చింది. రోజుకు ఐదు రూపాయల చొప్పున పది రోజులు పనిచేసిందని, అన్నం ఇంటి నుంచి కట్టుకుని వచ్చేదని రాసినవాళ్లు చెబుతున్నారు. పొలానికి కూలికి పోయినట్టే స్టూడియోకీ వెళ్లిందన్నమాట.

సినిమా మొదటి ఆటకు రోజీని పిలవలేదు. అయినా వచ్చింది. ఆమె లోపల ఉంటే తాము కూచోమని పట్నం పెద్దలు పట్టుబట్టారని, రెండో ఆట చూసుకో పొమ్మని ఆమెను బయటే నిలబెట్టారని చెబుతారు. తన బొమ్మ లోపల ఆడుతుంటే తాను గుమ్మం బయట. సినిమా మూకీ కాబట్టి తెర పక్కన ఒకరు నిలబడి కథ చెబుతుంటారు. ఒక దృశ్యంలో కథానాయకుడు సరోజిని కొప్పులో పువ్వు తీసి ముద్దు పెట్టుకుంటాడు. అక్కడ హాలు లేచింది. కేకలు, తర్వాత రాళ్లు. తెర చిరిగింది. అది అక్కడితో ఆగలేదు. రోజీ కనబడితే వెంటపడ్డారు, ఆమె ఉన్న గుడిసెకు నిప్పు పెట్టారు. ఆ రాత్రి ఆమె నాగర్‌కోయిల్ వైపు పోతున్న లారీ ఎక్కింది. మళ్లీ ఏ సినిమాలోనూ వేయలేదు. ఒక నటి వృత్తి జీవితం మొత్తం అదే. పది రోజుల పని, ఒక్క సినిమా.

ఇప్పుడు ఆ 'ఆనాటి సమాజం' అన్న మాట దగ్గరికి వద్దాం. ఆ రోజుల్లో ఆడవాళ్లు నటించడమే తప్పు, కాబట్టి జనానికి కోపం వచ్చింది అని ఒక వివరణ ఉంది. చదువుకున్నవాళ్లు, కులం మాట ఎత్తడానికి ఇబ్బంది పడేవాళ్లు దీన్ని బాగా ఇష్టపడతారు. కొంత నిజం ఉంది. ఆడది వేషం కడితే చెడిపోయిందనే మాట అన్నిచోట్లా ఉంది, మన సురభి నాటకాల ఆడవాళ్లూ ఆ మాటలు పడ్డారు. కానీ సురభి కమలాబాయి 1932లో మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా వేస్తే రాళ్లు పడలేదే? కేరళలోనే 1938లో తొలి మలయాళ టాకీ 'బాలన్'లో ఎం.కె. కమలం వేస్తే ఆమె ఊరొదిలి పారిపోవలసి రాలేదే? ఆడది నటించిందన్న కోపం గుసగుసల్లో, ఎకసెక్కాల్లో తీరుతుంది. ఇంటికి నిప్పు పెట్టాలంటే ఇంకో కోపం కావాలి. ఏ ఇళ్లకు నిప్పు పెడతారో కారంచేడు చూసిన మనకు తెలుసు.

రోజీ మీద కోపం ఆమె నటించినందుకు కాదు. నాయరు స్త్రీగా నటించినందుకు. కాక్కారిశ్శిలో కాక్కాత్తిగా ఎన్ని రాత్రులు ఆడినా ఎవరూ ఏమీ అనలేదు. అది వాళ్ల లెక్కలో ఆమె చోటే. సరోజిని కావడమే నేరం.

ఇది అర్థం కావాలంటే తిరువాన్కూరులో బట్టకున్న చరిత్ర తెలియాలి. అక్కడ ఆడదాని ఒంటి మీద బట్ట కులానికి గుర్తు. కింది కులాల స్త్రీలు రొమ్ము కప్పుకోకూడదు. నాడార్ స్త్రీలు దీని మీద దశాబ్దాలపాటు పోరాడారు. నడిరోడ్డు మీద వాళ్ల రవికలు చించారు, ఇళ్లు తగలబెట్టారు. చివరికి 1859లో రాజు ప్రకటన ఇచ్చాడు. ఆ ప్రకటన ఏమన్నదో జాగ్రత్తగా చూడాలి. నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకోవచ్చు గానీ పై కులాల స్త్రీలు కప్పుకునే పద్ధతిలో మాత్రం కప్పుకోకూడదు! అంటే గొడవ సిగ్గుకు సంబంధించింది కానే కాదు. పోలికకు సంబంధించింది. చూస్తే ఎవరు ఎవరో తెలిసిపోవాలి, అంతే.

పులయ స్త్రీలకు ఆ మాత్రం కూడా లేదు. మెడలో రాళ్లూ గాజుపూసలూ గుచ్చిన బరువైన దండలు వేసుకు తిరగాలి. అది నగ కాదు, కులం బిళ్ల. 1893లో ఎద్దుబండి కట్టుకుని, తలపాగా చుట్టుకుని నిషిద్ధమైన రోడ్ల మీద తోలిన అయ్యంకాళి, 1907లో సాధుజన పరిపాలన సంఘం పెట్టిన అయ్యంకాళి, ఆ దండలు తెంచెయ్యమన్నాడు. 1915లో పెరినాడు ప్రాంతంలో పులయ స్త్రీలు దండలు తీసి రవికలు తొడుక్కుంటే దాడులు జరిగాయి, పేటలు తగలబడ్డాయి. అయినా ఆ ఏడాదే కొల్లంలో జరిగిన సభలో వేల మంది మధ్య స్త్రీలు దండలు తెంచి కుప్ప పోశారు. కల్లుమాల సమరం అని దానికి పేరు. అప్పటికి రోజీ పన్నెండేళ్ల పిల్ల. ఆమె ఏ దండ తెంచిందో మనకు లెక్కలు ఉండవు గానీ, ఆమె తరం ఆడపిల్లలు ఆ సమరం నీడలోనే పెరిగారు.

ఆ కుప్ప పడి పదిహేనేళ్లు తిరక్కుండా ఒక పులయ స్త్రీ నాయరు స్త్రీలా బట్ట కట్టి, కొప్పులో పువ్వు పెట్టి, అందరి ముందు తెల్లటి తెర మీద మనిషెత్తున నిలబడింది. పైగా తేడా తెలియడం లేదు. అదీ వాళ్లకు తగిలిన దెబ్బ. వేషం కడితే ఎవరైనా నాయరు స్త్రీ కావచ్చునంటే, నాయరు స్త్రీ కావడం కూడా ఒక వేషమే కదా? పుట్టుకతో వచ్చిందనుకున్నది బట్టతో, నడకతో వస్తుందని ఒక గడ్డి కోసే మనిషి చూపించేసింది. ఈ మాట హాల్లో ఎవరూ పైకి అని ఉండరు. రాయి విసిరిన చేతికి మాత్రం తెలుసు.

మరి డానియల్? ఆయనా కింది కులంవాడే కదా, ఆయన వేసింది కూడా ఉన్నతమైన వేషమే కదా అని అడగొచ్చు. అడగాలి కూడా. డానియల్ ఆస్తి పోగొట్టుకున్నాడు, స్టూడియో మూతపడింది, మిగిలిన జీవితం పళ్ల డాక్టరుగా గడిపి 1975లో పేదరికంలో చనిపోయాడు. ఆయన నష్టం చిన్నది కాదు. కానీ జనం తరిమింది ఆయన్ని కాదు. దీన్ని ఇంకా స్పష్టంగా చూడాలంటే పాతికేళ్లు ముందుకు రావాలి. 1954లో 'నీలక్కుయిల్' వచ్చింది. రాము కరియాట్, పి. భాస్కరన్ తీశారు, ఉరూబ్ రచన. అంటరానితనం మీద తీసిన గొప్ప సినిమాగా దాన్ని ఇప్పటికీ పాఠాలు చెబుతారు, రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. శ్రీధరన్ నాయర్ అనే బడిపంతులు నీలి అనే పులయ పిల్లను ప్రేమించి, గర్భవతిని చేసి, కులానికి భయపడి వదిలేస్తాడు. ఆమె బిడ్డను కని రైలు పట్టాల పక్కన చచ్చిపోతుంది. ఆ నాయరు పంతులుగా వేసింది సత్యన్. ఆయన అసలు పేరు మాన్యుయెల్ సత్యనేశన్, డానియల్ లాగే నాడార్ క్రైస్తవుడు. 1971లో చనిపోయేదాకా మలయాళ తెర మీద పెద్ద నటుల్లో ఒకడు. ఆయన నాయరు వేషం వేస్తే ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మరి పులయ పిల్ల నీలిగా వేసిందెవరు? మిస్ కుమారి. సిరియన్ క్రైస్తవుల ఇంటి అమ్మాయి.

అంటే 1954 నాటికి నాడార్ మగవాడు నాయరు కావచ్చు. సిరియన్ క్రైస్తవ స్త్రీ పులయ కావచ్చు. పులయ స్త్రీ మాత్రం నాయరూ కాలేదు, చివరికి తెరమీద పులయ కూడా కాలేదు. తన కథలో తన వేషం కూడా ఆమెది కాదు.

ఇది ఒక్క కేరళ జబ్బు కాదు. 1936లో 'అఛూత్ కన్య'లో అంటరాని పిల్ల కస్తూరిగా వేసింది దేవికారాణి, రవీంద్రనాథ్ ఠాగూర్ బంధువు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. కథ చలానిది, సంభాషణలు తాపీ ధర్మారావువి. అగ్రహారాల్లో అలజడి రేపిన సినిమా, దాని గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. అందులో శంపాలతగా కాంచనమాల వేసింది, ఆ అందానికి ఆంధ్రదేశం పడిపోయింది. కాంచనమాల మాలపిల్ల కాదు. మాలపిల్లను ప్రేమించడానికి సిద్ధపడిన ప్రేక్షకుడు కూడా, ఆమె నిజంగా మాలపిల్ల కాదన్న ధీమాతోనే ప్రేమించాడు. వేషం పై నుంచి కిందికి దిగితే అది సంస్కరణ. కింది నుంచి పైకి ఎక్కితే రాళ్లు.

ఇక ఆ లారీ దగ్గరికి. రోజీ తమిళనాడుకు పారిపోయిందని అందరూ రాస్తారు. ఇక్కడ చిన్న సవరణ కావాలి, అది చిన్నదేమీ కాదు కూడా. నాగర్‌కోయిల్ తమిళనాడులోకి వచ్చింది 1956 నవంబర్ 1న. అంతకుముందు అది తిరువాన్కూరు సంస్థానంలోదే. అంటే రోజీ సరిహద్దు దాటలేదు. డెబ్బై కిలోమీటర్ల లోపు దూరం, అదే ప్రభుత్వం, అవే పోలీసులు, అవే కుల నిబంధనలు. ఊరు మారితే రక్షణ దొరికే పరిస్థితి లేదు. దాక్కోవడానికి ఆమెకు దేశం దొరకలేదు, పేరు ఒక్కటే దొరికింది. ఆ లారీ డ్రైవరు కేశవ పిళ్లైని పెళ్లి చేసుకుంది, రాజమ్మాళ్ అయ్యింది. ఆయన నాయరు. ఈ పెళ్లికి ఆయన వాళ్లు ఆయన్ని దూరం పెట్టారంటారు. పిల్లలు పుట్టారు, పిళ్లై ఇంటి పిల్లలుగానే పెరిగారు. తల్లి ఒకప్పుడు సినిమాలో వేసిందన్న మాట ఆ ఇంట్లో నలగలేదు. 1988లో ఆమె చనిపోయిందని ఎక్కువమంది రాశారు.

తెరమీద పది రోజులు నాయరు స్త్రీగా వేసినందుకు కొంప తగలబెట్టారు. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లు ఆమె నాయరు ఇంటి ఇల్లాలుగా గడిపింది, ఎవరూ కనిపెట్టలేదు. దీన్ని విధి విచిత్రం అని నవ్వేసి ఊరుకునేవాళ్లున్నారు. నాకు నవ్వు రాదు. హైదరాబాదులో, విజయవాడలో ఇల్లు అద్దెకు అడిగినప్పుడు "మీరేవిట్లు?" అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కున్న ప్రతివాళ్లకీ రాజమ్మాళ్ తెలుసు. ఇంటి పేరు మింగేసినవాళ్లు, పిల్లలకు కులం ఊసు రాని పేర్లు పెట్టినవాళ్లు, చుట్టాలు వస్తే గుమ్మం దగ్గర గొంతు తగ్గించి మాట్లాడినవాళ్లు మనలో లేరా? అలా బతకడం ఎంత పెద్ద నటనో, ఎంత అలసటో వాళ్లకు తెలుసు. అది పిరికితనం కాదు. అలాగని విజయం అని పొగడటానికి కూడా నాకు మనసు రాదు. ఆమె బతికింది, పిల్లల్ని బతికించింది. దానికి వెల, తన పేరు.

ఆమెను మరిచిపోవడం కూడా ఊరికే జరగలేదు. 'విగతకుమారన్' ప్రింటు మిగల్లేదు. డానియల్‌ను కూడా చాలాకాలం పక్కనే పెట్టారు. మూకీ సినిమాకు భాషేమిటి, అది మలయాళ సినిమా ఎట్లా అవుతుంది అన్నారు. అగస్తీశ్వరం తమిళనాడులోకి పోయింది కాబట్టి ఆయన తమిళుడన్నారు. 'బాలన్'తోనే చరిత్ర మొదలుపెట్టుకున్నారు. చేలంగాట్టు గోపాలకృష్ణన్ అనే సినీ పాత్రికేయుడు ముసలి డానియల్‌ను వెతికి పట్టుకుని, పట్టు వదలకుండా రాసి ఆయన్ని చరిత్రలోకి తెచ్చాడు. 1992లో కేరళ ప్రభుత్వం డానియల్ పేరుతో అవార్డు పెట్టింది. అప్పటికి రోజీ పోయి నాలుగేళ్లు. ఆమెను వెతికినవాడు వేరు. కున్నుకుళి ఎస్. మణి అనే దళిత చరిత్రకారుడు ఏళ్ల తరబడి ఆమె గురించి సమాచారం పోగేసి రాస్తూ వచ్చాడు. కవి కురీపుళ శ్రీకుమార్ కవిత రాశాడు. 2008లో వినూ అబ్రహం ఆమె మీద 'నష్టనాయిక' నవల రాశాడు. పోయిన నాయిక అని అర్థం. సినిమా తీసినవాడికి ప్రభుత్వం అవార్డు, సినిమాలో వేసిన దళిత స్త్రీకి దళితుల పరిశోధన, కవులూ రచయితలూ. ఈ పంపకం గమనించాలి.

2013లో కమల్ 'సెల్యులాయిడ్' తీశాడు. పృథ్వీరాజ్ డానియల్, కొత్తమ్మాయి చాందినీ గీత రోజీ. కేరళ ఇంటింటికీ రోజీ పేరు చేర్చింది ఆ సినిమానే, ఆ మేలు ఒప్పుకోవాలి. కానీ అందులో మనకు కనిపించే రోజీ ఎలాంటిది? బెదురు చూపులు, ఒదిగి నిలబడటం, తనకు దక్కిన గౌరవానికి కళ్లలో నీళ్లు. ఆశ్చర్యపోవడం తప్ప ఆమెకు ఆ కథలో పెద్దగా పని లేదు. కష్టాలు డానియల్‌వి, కల డానియల్‌ది, రోజీ అందులో ఒక కన్నీటి చుక్క. అరుగు మీద నిలబడి తంపురాన్‌ను ఎగతాళి చేసిన కాక్కాత్తి ఎక్కడికి పోయింది? అణిగిమణిగి ఉన్న దళిత స్త్రీ మీద జాలిపడటం తేలిక. పరిశోధకురాలు జెన్నీ రొవీనా అదే ఏడాది ఒక ప్రశ్న వేసింది: ఇవాళైనా మలయాళ సినిమాలో దళిత స్త్రీ నాయరు పాత్ర వేయగలదా? ఈ ప్రశ్న వేశాక 'ఆనాటి సమాజం' అన్న మాట వెనక దాక్కోవడం ఎవరికీ కుదరదు.

మగవాళ్లకు మాత్రం దారి పూర్తిగా తెరుచుకుందా? చాలక్కుడిలో ఆటో నడిపిన కళాభవన్ మణి 1990ల్లో తెరమీదికి వచ్చాడు. వెంకటేష్ 'జెమిని'లో విలన్‌గా మన ప్రేక్షకులకు కూడా తెలుసు. 1999లో 'వాసంతియుం లక్ష్మియుం పిన్నె ఞానుం'లో గుడ్డి గాయకుడిగా వేసి జాతీయ స్థాయిలో ప్రత్యేక ప్రశంస పొందాడు. జానపదాలు పాడి కేరళనంతా ఊపాడు. అంత పేరొచ్చాక కూడా ఆయన పక్కన నాయికగా వేయడానికి కొందరు ఒప్పుకోలేదన్న మాట అక్కడ అందరూ చెప్పుకున్నదే. 2016 మార్చిలో చనిపోయాడు. నవ్వించొచ్చు, ఏడిపించొచ్చు, విలన్‌గా తన్నులు తినొచ్చు. కొప్పులో పువ్వు ముద్దుపెట్టుకునే దగ్గరికొచ్చేసరికి క్యాపిటల్ థియేటర్ మళ్లీ లేస్తుంది.

2019లో మలయాళ సినిమాల్లో పనిచేసే స్త్రీల సంఘం తమ ఫిల్మ్ సొసైటీకి రోజీ పేరు పెట్టుకుంది. చెన్నైలో పా. రంజిత్ నడిపే నీలం సంస్థ ఆమె పేరుతో చిత్రోత్సవం జరుపుతోంది. మన దగ్గర ఏముంది? తెలుగు సినిమా చరిత్రలు లావు లావు పుస్తకాలున్నాయి. వాటిలో నటీనటుల పుట్టుపూర్వోత్తరాలు ఊరితో సహా ఉంటాయి. కానీ మద్రాసు స్టూడియోల్లో గుంపులో నిలబడినవాళ్లు, పాటలో డప్పు కొట్టినవాళ్లు, చిందు వేసి నాయికకు అడుగులు చూపించినవాళ్లు, వాళ్ల పేర్లు టైటిల్స్‌లోనే లేవు, పుస్తకాల్లోకి ఎట్లా వస్తాయి? రోజీ గురించి మనకు ఈ కాస్తయినా తెలిసిందంటే, ఆమెను ఎరిగినవాళ్లు కొందరు బతికుండగానే కున్నుకుళి మణి లాంటివాళ్లు వెళ్లి అడిగారు కాబట్టి. మద్రాసు రైలెక్కి వెళ్లి కొన్నాళ్లు సినిమాల్లో చేసి తిరిగొచ్చిన ముసలివాళ్లు మన పేటల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ సెలవుల్లో వాళ్ల దగ్గర కూచుని ఏ స్టూడియో, ఏ సినిమా, రోజుకు ఎంత ఇచ్చారు, అన్నం ఎక్కడ పెట్టారు, తెరమీద ఏ పేరు వేశారు అని అడిగి రాసుకుని ఈ పత్రికకు పంపిస్తే అచ్చువేస్తాం.